రన్‌వే పక్కన మంచె

మా నాన్న చిన్నప్పుడు పల్నాడులో జొన్నచేలకు కాపలా ఉండేవాడు. కంకి పాలు పట్టే రోజుల్లో తెల్లవారకముందే మంచె ఎక్కాలి. వడిసెలలో రాయి పెట్టి తిప్పుతూ, కేకలేస్తూ, ఎండెక్కేదాకా పిట్టల్ని తోలాలి. డెబ్భై దాటాక ఆయన మళ్ళీ కాపలాకు కూర్చున్నాడు. ఈసారి చేనూ లేదు, మంచే లేదు. కాలిఫోర్నియాలో అలమీడా అనే ఊళ్ళో, విమానాలు దిగడం మానేసిన రన్‌వే పక్కన, నా కారులో నా పక్క సీట్లో కూర్చుని పిట్టల గుడ్లు కాశాడు. ఒక వేసవంతా ఇద్దరం కలిసి చేసిన ఆ పని గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మేం ఉండేది ఫ్రీమాంట్‌లో. ఇంటి నుంచి గంట కూడా పట్టని చోట ఇలాంటిదొకటి జరుగుతోందని పద్నాలుగేళ్ళపాటు నాకు తెలియలేదు.

ఆ పిట్ట పేరు కాలిఫోర్నియా లీస్ట్ టర్న్. టర్న్‌లంటే నీళ్ళ మీద ఎగురుతూ చేపలు పట్టే పిట్టలు. అమెరికాలో కనిపించే టర్న్‌లన్నిటిలో ఇది చిన్నది. పొడవు జానెడు, బరువు 45 గ్రాములకు అటూ ఇటూ. తెల్లటి ఒళ్ళు, బూడిదరంగు రెక్కలు, తల మీద నల్లటి టోపీ, నుదుట విభూతి పెట్టుకున్నట్టు తెల్లటి మచ్చ. పసుపు ముక్కు, దాని చివర నల్లచుక్క. ఏప్రిల్‌లో దక్షిణం నుంచి వస్తుంది, ఆగస్టుకల్లా వెళ్ళిపోతుంది. ఇసుకలో పొట్టతో ఒత్తి చిన్న గుంట చేసి, మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. పుల్లా గడ్డీ ఏమీ ఉండదు. ఆ గుంటే గూడు.

ఒకప్పుడు ఆడవాళ్ళ టోపీల మీద ఈకల కోసం ఈ పిట్టల్ని చంపారు. తర్వాత అవి గుడ్లు పెట్టుకునే ఇసుక తీరాలన్నీ ఇళ్ళూ రోడ్లూ బీచ్‌లూ అయిపోయాయి. 1970లో వీటిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఆ దశకం మొదట్లో రాష్ట్రం మొత్తం మీద మిగిలినవి ఇంచుమించు 600 జతలే. ఇసుక దొరకని పిట్టలు బోడినేల ఎక్కడ కనిపిస్తే అక్కడ దిగాయి. అలమీడాలో నేవీ వాళ్ళ విమానాల స్థావరం ఉండేది. 1976 నుంచి ఆ రన్‌వేల దగ్గర ఇవి గుడ్లు పెడుతున్నాయి. 1997లో నేవీ ఆ స్థావరం మూసేసి వెళ్ళిపోయింది. పిట్టలు మాత్రం ఉండిపోయాయి. ఇప్పుడు వాటి కోసం దాదాపు 10 ఎకరాల చుట్టూ కంచె వేసి ఉంచారు. 300 పైన జతలు గుడ్లు పెట్టిన ఏళ్ళు కూడా ఉన్నాయి.

నాకు ఇది తెలిసింది అనుకోకుండా. ఏడాదికొకసారి జూన్‌లో, అలమీడాలోని క్రాబ్ కోవ్ అనే తీరం నుంచి జనాన్ని బస్సుల్లో తీసుకెళ్ళి ఈ పిట్టల్ని చూపిస్తారు. పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్ళినరోజే ఆ బస్సులు బయలుదేరుతుంటే, ఖాళీ సీట్లున్నాయంటే ఎక్కాం. కంచె దగ్గర బస్సు ఆగింది కానీ ఎవర్నీ దిగనివ్వలేదు. కిటికీలోంచి చూస్తే మొదట తెల్లటి గులకరాళ్ళు, గవ్వలు తప్ప ఏమీ కనిపించలేదు. బైనాక్యులర్స్‌తో చూస్తే ఒక రాయి తల తిప్పింది. ఆ పక్కన ఇంకో రాయి. కాసేపటికి ఆ నేలంతా పిట్టలే అని అర్థమైంది. నాకు ఒళ్ళు జలదరించింది.

గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఉప్పలపాడు వెళ్ళేదాన్ని. అక్కడ చెరువు మధ్య తుమ్మచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. చుట్టూ నీళ్ళుంటాయి కాబట్టి పిల్లీ కుక్కా చేరలేవు. ఊరివాళ్ళు ఆ పిట్టల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఈ టర్న్‌కి నీళ్ళ కందకమూ లేదు, చెట్టూ లేదు. గుడ్డు నేల రంగులో కలిసిపోవడం, గుంపుగా ఉండటం, శత్రువు వస్తే అందరూ కలిసి మీదపడి అరవడం, రెట్టలు వేయడం, ఇంతవరకే దాని బలం. జనం లేని తీరాల్లో అది సరిపోయేది. నగరం పక్కన సరిపోదు.

ఎందుకంటే నగరంలో కాకులు పెరుగుతాయి. ఇక్కడ మామూలు కాకితోపాటు రేవెన్ అని ఒకటుంది. మన బొంతకాకి కన్నా బాగా పెద్దది, తెలివి మహా ఎక్కువ. మనం పారేసిన తిండి మీద అది ఏడాదంతా బతుకుతుంది, టర్న్‌లు గుడ్లు పెట్టే రోజుల్లో ఆ గుడ్లు అదనం. సీగల్స్‌దీ అదే కథ. పెంచి వదిలేసిన పిల్లులు, నక్కలు, ఎలుకలు ఉండనే ఉన్నాయి. కూర్చుని కనిపెట్టుకోవడానికి స్తంభాలూ పాత భవనాల గోడలూ మనమే కట్టిపెట్టాం. గుడ్లు పిల్లలయ్యాక ఇంకో వరస మొదలవుతుంది. కెస్ట్రెల్ అనే చిన్న డేగ, హారియర్ అనే గద్ద, గుడ్లగూబలు. ఎగిరే పిట్టల్ని గాలిలోనే పట్టుకునే పెద్ద డేగ పెరెగ్రిన్ ఫాల్కన్. గుడ్లగూబ రాత్రి వచ్చిందంటే అది తిన్న పిల్ల ఒక్కటే కాదు నష్టం. భయంతో పెద్దవన్నీ లేచి వెళ్ళిపోతే, చలికి గుడ్లు చల్లబడిపోతాయి.

బస్సు దిగగానే వలంటీర్ల జాబితాలో పేరు రాయించాను. గ్రీన్ కార్డు మీద వచ్చి మా దగ్గరే ఉంటున్న నాన్నకు చెబితే, "పిట్టలకి కాపలానా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన పేరు కూడా రాయించమన్నాడు.

అసలు పని వేసవిలో కాదు, చలికాలంలో మొదలవుతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకో ఆదివారం పొద్దున వెళ్ళి ఆ పదెకరాలూ సిద్ధం చేయాలి. కలుపు పీకడమే ఎక్కువ. పిట్టకు బోడినేల కావాలి. చుట్టూ గడ్డి పెరిగితే వచ్చే శత్రువు దానికి కనిపించదు, అక్కడ దిగదు. ఆ పని నాన్నకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మిగతావాళ్ళం పైన పట్టుకుని లాగుతుంటే, ఆయన గొంతుకు కూర్చుని వేరుతో సహా తీసి, మట్టి దులిపి, వరసగా పేర్చుకుంటూ పోయాడు. ఇంగ్లీషు అంతగా రాదు కానీ రెండో ఆదివారానికే నలుగురైదుగురు ఆయన వెనకే వరస కట్టి అలాగే పీకడం మొదలుపెట్టారు.

తర్వాత ఆల్చిప్పలు చల్లాం. బకెట్లకొద్దీ ఆల్చిప్పలు. తెల్లటి చిప్పల మధ్య గుడ్డు, పిట్ట రెండూ కలిసిపోతాయి, పైనుంచి ఎగిరే కాకికి వెతకడం కష్టమవుతుంది. ఆ తర్వాత పెంకులు. మన ఊళ్ళో గూనపెంకుల్లాంటివే, సగం గొట్టంలా వంగి ఉంటాయి. వాటిని బోర్లించి పెడతాం. ఎండకీ గాలికీ డేగకీ భయపడ్డ పిల్ల వాటి కిందకి దూరుతుంది. నేలను గళ్ళుగా విడదీసి నంబర్లు వేసిన గుర్తులు పెట్టాం. ఎక్కడేం జరిగినా గడి నంబరు చెబితే చాలు. కంచె అడుగున సన్నటి జాలీ కూడా బిగించాలి, నడక నేర్చిన పిల్లలు బయటికి పోకుండా. ఈ పనులన్నీ చేస్తున్నంతసేపూ అక్కడ ఒక్క పిట్టా ఉండదు. వస్తాయో రావో తెలియని చుట్టాల కోసం ఇల్లు అలికినట్టుంటుంది.

మేలో కాపలా మొదలవకముందు ట్రైనింగ్ ఇచ్చారు. నేర్పింది ఎక్కువగా ఏం చేయకూడదో. కారు దిగకూడదు. హారన్ కొట్టకూడదు. కంచె లోపలికి ఎవరూ వెళ్ళకూడదు, పర్మిట్ ఉన్న బయాలజిస్టులు తప్ప. మనిషి రెండు కాళ్ళ మీద కనిపిస్తే పిట్టలన్నీ లేస్తాయి, కారు కదలకుండా ఉంటే పట్టించుకోవు. శత్రువు కనిపిస్తే ఏ పక్క నుంచి వచ్చింది, ఎంతసేపుంది, ఏం చేసింది, పిట్టలు ఏం చేశాయి, అన్నీ రాసి వెంటనే బయాలజిస్టుకు ఫోన్ చేయాలి. తర్వాత ఏం చేయాలో వాళ్ళు చూసుకుంటారు. బెదరగొట్టడం, పట్టి దూరంగా వదలడం, ఇంకేదీ పనిచేయకపోతే చంపడం కూడా. ఆ చివరి మాట నాన్నకి తెలుగులో చెప్పినప్పుడు ఆయన నా వంక చూసి ఊరుకున్నాడు.

షిఫ్టు మూడు గంటలు. మాది శనివారం పొద్దున. ఎదురుగా బే, అంటే సముద్రపు ఖాతం, అవతల శాన్‌ఫ్రాన్సిస్కో మేడలు, వెనక ఓక్‌లాండ్ రేవులో ఏనుగుల్లా నిలబడ్డ క్రేన్లు. ఎప్పుడూ గాలే. జూన్‌లో కూడా స్వెటర్ వేసుకుని, ఫ్లాస్కులో టీ పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. మొదటి వారం నాకు గంటకే విసుగొచ్చింది. ఏ పిట్ట ఏదో తెలియదు, పైన ఎగిరిన ప్రతిదీ డేగలా కనిపించి టెన్షన్. నాన్న బైనాక్యులర్స్ ముట్టుకోలేదు. అద్దం సగం దించి, కళ్ళు సగం మూసి కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

"నాన్నా, నువ్వు చూడట్లేదు."

"వింటున్నా. అది చాలు."

రెండు మూడు వారాలకు నాకూ తెలిసింది. అక్కడ ఎప్పుడూ ఒక సందడి ఉంటుంది. చేప తెచ్చిన మగది పిలిచే పిలుపు, పక్క గుంట పిట్టతో తగువు, ఊరికే పలకరింపు. పక్కన ఏ సీగలో వెళ్తే ఆ సందడి కోపంగా మారి కిటకిటలాడుతూ పైకి లేస్తుంది. కానీ భయపడాల్సింది ఆ గోలకి కాదు. ఉన్నట్టుండి మొత్తం నోరు మూతపడి, వందల పిట్టలు ఒక్క ఊపున లేచి, చప్పుడు లేకుండా నీళ్ళ మీదికి పోతాయి. దాన్ని ఇక్కడ డ్రెడ్ అంటారు. ఫాల్కన్ వచ్చిందంటే అంతే. ఆ నిశ్శబ్దాన్ని నాన్న నాకన్నా ముందే పట్టేవాడు. చేలో పిట్టలు వాలిన సంగతి కూడా చూసి కాదు, విని తెలుసుకునేవాళ్ళట.

జూన్ మధ్యలో ఒక శనివారం అదే జరిగింది. నేను కిందికి చూసి రాసుకుంటున్నాను. "అమ్మాయ్, చప్పుడాగింది" అన్నాడు. తలెత్తేసరికి నేల ఖాళీ. ఫాల్కన్ పైనుంచి ఏటవాలుగా దూసుకొచ్చి, ఏమీ దొరక్క, బే వైపు వెళ్ళిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. పిట్టలింకా నీళ్ళ మీదే ఉన్నాయి. ఆ కాస్త సమయంలో పాత భవనాల వైపు నుంచి ఒక రేవెన్ వచ్చింది. నేలకి ఆనుకుని, తొందరేమీ లేకుండా. కంచె దాటి దిగి నాలుగడుగులు నడిచింది. అక్కడ ఏముందో దానికి ముందే తెలిసినట్టుంది. ముక్కుతో ఒక గుడ్డు తీసుకుని ఎగిరింది.

నేను ఫోన్ తీశాను. చేతులు వణికి నంబరు నొక్కడానికి రెండుసార్లు పట్టింది. బయాలజిస్టు అటు చివర ఉన్నానని, వస్తున్నానని చెప్పింది. ఈలోపు పిట్టలు తిరిగొచ్చి విషయం గ్రహించాయి. ఇక వాటి అరుపులు చూడాలి. రేవెన్ మళ్ళీ వచ్చింది, రెండో గుడ్డు కోసం. ముప్పై నలభై పిట్టలు దాని వీపు మీద, తల మీద పడుతున్నాయి. వాటి బరువెంత, దాని బరువెంత. అది మెడ వంచుకుని నడిచి, అదే గుంటలోంచి రెండో గుడ్డు తీసింది. నాన్న చెయ్యి తలుపు గడియ మీద ఉంది. నేను ఆ చేతిని పట్టుకున్నాను. మేం దిగి పరుగెత్తితే అన్ని గుంటల పిట్టలూ లేస్తాయి, అన్ని గుడ్లూ బయటపడతాయి. అది మాకిద్దరికీ తెలుసు. తెలిసి కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. బయాలజిస్టు బండి కంచె వెంట రావడం చూసి రేవెన్ వెళ్ళిపోయింది.

ఆ గుంట పిట్టలు రెండూ వచ్చాయి. ఒకటి గుంట అంచున నిలబడి లోపలికి చూసింది. కాసేపయ్యాక అందులో కూర్చుంది. కింద ఏమీ లేదు. నేను ఏడ్చేశాను. గడి నంబరు రాయమని నాన్న గుర్తుచేశాడు.

తిరిగొస్తుంటే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. శాన్ లియాండ్రో దాటాక అన్నాడు: "మేం తోలిన పిట్టలకీ ఆకలేనమ్మా. చేను మాది కాబట్టి తోలాం. ఇక్కడ చేను ఎవరిదని?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ఫాల్కన్ సంగతే చూడండి. డీడీటీ మందు వల్ల దాని గుడ్ల పెంకులు పలచబడి, పొదగడానికి కూర్చుంటేనే పగిలిపోయి, ఒకప్పుడు అది కూడా అంతరించే జాబితాలోకి చేరింది. 1972లో డీడీటీని నిషేధించాక, ఎంతోమంది పెంచి వదిలాక కోలుకుని, 1999లో జాబితా నుంచి బయటపడింది. మనుషులు కాపాడిన ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టను మనుషులే కాపాడాల్సి వస్తోంది. నేను ఫాల్కన్‌ని తప్పుపట్టలేను. రేవెన్‌ని కూడా. కానీ ఈ పదెకరాల్లో అన్నీ దాని దారిన వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. తీరమంతా మనమే తీసేసుకున్నాం. మిగిల్చిన ఈ ముక్కలోనైనా టర్న్‌కి అండగా ఉండకపోతే, ప్రకృతి చూసుకుంటుందిలే అనడం చేతులు దులుపుకోవడమే. ఇంటికి రాగానే చేసిన మొదటి పని మా వీధిలో మూతలు తెరిచి ఉన్న చెత్తడబ్బాలన్నీ మూయడం. మూడు ఇళ్ళవాళ్ళకు రేవెన్ సంగతి చెప్పాను కూడా.

గుడ్లు పోయిన జత మళ్ళీ పెట్టే అవకాశం ఉందని బయాలజిస్టు చెప్పింది. సీజన్ మరీ ముదరకపోతే ఇవి రెండోసారి ప్రయత్నిస్తాయట. మరుసటి వారం నాన్న తనకూ ఒక నోటుబుక్కు కావాలన్నాడు. తెలుగులోనే రాసేవాడు. "7:40. కాకి. ఈశాన్యం నుంచి. పిట్టలు తరిమినాయి. దిగలేదు." నేను దాన్ని చూసి ఫారంలోకి ఇంగ్లీషులో ఎక్కించేదాన్ని. ఆయన టైము ఎప్పుడూ నాకన్నా ఒక నిమిషం ముందుండేది.

ఒకరోజు ఎండ బాగా కాసింది, గాలి కూడా లేదు. గుంటల మీద పిట్టలు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. లేచిపోతే గుడ్డు ఉడికిపోతుంది. జతలో ఒకటి నీళ్ళ మీదికి వెళ్ళి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితోనే గుడ్ల మీద కూర్చుంటోంది. అలా ఎన్నిసార్లో. మా అమ్మ ఎండాకాలం కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టేది. నాన్నకీ అదే గుర్తొచ్చిందేమో, "మీ అమ్మ చూసుంటే బాగుండేది" అన్నాడు.

మూడు వారాల పొదుగు. పుట్టిన పిల్ల రెండు రోజులకే గుంట దాటి నడుస్తుంది. చిన్న దూదుండకి కాళ్ళు వచ్చినట్టుంటుంది, ఇసుక రంగు నూగుతో. ఆగితే కనిపించదు, కదిలితేనే కనిపిస్తుంది. తల్లి నెత్తళ్ళలాంటి సన్నచేప తెచ్చి నోటికిస్తే, ఆ చేప పిల్లంత పొడవుంటుంది. అయినా మింగుతుంది. జూలై మొదట్లో ఒక పొద్దున కెస్ట్రెల్ వచ్చింది. నేను ఫోన్లో గడి నంబరు చెబుతూనే ఉన్నాను, మా ఎదురుగా ఉన్న పిల్ల పరుగెత్తి ఒక పెంకు కిందికి దూరింది. కెస్ట్రెల్ ఆ పెంకు మీదే వాలింది. అటూ ఇటూ తల తిప్పింది. పెద్ద పిట్టలు మీద పడుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను. చివరికి అది లేచి వెళ్ళిపోయింది. చాలాసేపటికి పెంకు కింద నుంచి ముందు ఒక పిల్ల, దాని వెనకే ఇంకొకటి బయటికి వచ్చాయి. రెండోది ఎప్పుడు దూరిందో మేం చూడనే లేదు. ఫిబ్రవరిలో ఆ వరస పెంకులు పరిచింది నేనూ నాన్నా.

రేవెన్ గుడ్లు ఎత్తుకుపోయిన గుంట ఉన్న గడిలో జూలైలో మళ్ళీ ఒక జత కూర్చుంది. అదే జతో కాదో చెప్పలేం. మా షిఫ్టుల్లో దాన్ని ఎక్కువ చూశాం. ఆగస్టులో ఒక శనివారం ఆ పక్కన ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల ఒకటి గాలికి ఎదురు నిలబడి రెక్కలు చాపి, రెండడుగులు లేచి, పడి, మళ్ళీ లేచింది. పై వారానికి నేల ఖాళీ. గాలి తప్ప చప్పుడు లేదు. నాన్న నోటుబుక్కులో ఆ రోజు ఒకటే రాశాడు: "పోయినాయి."

అక్టోబరులో మళ్ళీ వెళ్ళాం. కలుపు మోకాలెత్తు పెరిగింది. నాన్న కలుపు జోలికి పోకుండా నేరుగా ఆ పెంకు దగ్గరికి వెళ్ళాడు. కాసేపు చెయ్యెత్తి గాలి ఎటు కొడుతోందో చూసుకున్నాడు. పెంకును కాస్త పక్కకి తిప్పి, దాని నోరు గాలికి ఎదురు కాకుండా పెట్టి, అంచున మట్టి ఎగదోశాడు. తర్వాత పక్క పెంకు దగ్గరికి వెళ్ళాడు.